వర్తకం, యుద్ధం: బందరు సాక్ష్యం మీద ఒక సంవాదం

దేశాల మధ్య వర్తకం పెరిగితే యుద్ధాలు తగ్గుతాయా అన్నది రాజనీతి శాస్త్రంలోనూ అర్థశాస్త్రంలోనూ ఇప్పటికీ తెగని వ్యాజ్యం. వర్తకం సహజంగా శాంతికే దారితీస్తుందని మాంటెస్క్యూ 1748లో రాశాడు. అదే ఏడాది ఇంగ్లీషు సేనలు పుదుచ్చేరిని ముట్టడించాయి. ముట్టడిలో చిక్కినది ఒక వర్తక కంపెనీ పట్టణం, ముట్టడించిన సేనల్లోనూ మరో వర్తక కంపెనీ సిపాయిలున్నారు. ఒకదానితో ఒకటి ముడిపడిన దేశాలకు యుద్ధంలో గెలిచినా గిట్టుబాటు కాదని నార్మన్ ఏంజెల్ 1910లో వాదించాడు. నాలుగేళ్లకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆయన్ని నవ్వులపాలు చేసింది. యుద్ధం రానేరాదని ఆయన అన్నట్టు చాలామంది చెబుతారు గాని, ఆయన అన్నది లాభం లేదని మాత్రమే.

ఈ వాదాన్ని అంకెల్లోకి దించినవాడు సాలమన్ పోలచెక్. 30 దేశాలకు సంబంధించి 1958 నుంచి 1967 దాకా ఉన్న సమాచారం తీసుకుని, రెండు దేశాల మధ్య వర్తకం రెట్టింపైతే వాటి మధ్య వైరం సుమారు 20 శాతం తగ్గుతుందని 1980లో తేల్చాడు. కేథరిన్ బార్బియరీ 1870 నుంచి 1938 వరకు గల కాలాన్ని పరిశీలించి దాదాపు దీనికి ఎదురుగా చెప్పింది: బాగా పెనవేసుకున్న దేశాల జంటలే సైనిక తగాదాల్లో ఎక్కువగా పడ్డాయి. అప్పటి నుంచి పండితులు రెండు శిబిరాలుగా ఉన్నారు.

ఈ వ్యాజ్యానికి కృష్ణా డెల్టా దిగువ భాగం మంచి సాక్షి. బందరు అని జనం పిలిచే మచిలీపట్నంలో గోల్కొండ ఏలుబడిలో డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు పక్కపక్కనే కొట్లు పెట్టుకుని వ్యాపారం చేశాయి. అదే ఊరి కోటను 1759లో ఒక కంపెనీ సైన్యం మరో కంపెనీ చేతిలోంచి లాక్కుంది. కింది సంవాదంలో ఇద్దరు వక్తలు కల్పితులు. వాళ్లు ఎత్తిచూపే సంఘటనలు, పరిశోధనలు మాత్రం కల్పితాలు కావు. మొదటివాడు గుడివాడలో అర్థశాస్త్రం బోధించి విరమించిన మాస్టారు, శాంతి పక్షం. రెండో ఆమె బందరులో చరిత్ర చెప్పే అధ్యాపకురాలు, ఎదుటి పక్షం.

అర్థశాస్త్రి: ముందు మా వాదం ఏమిటో సరిగ్గా చెప్పుకుందామమ్మా. వర్తకులు మంచివాళ్లనీ, రాజులు చెడ్డవాళ్లనీ మేము అనడం లేదు. ఇద్దరు వర్తకం చేస్తే ఇద్దరికీ ఎంతో కొంత మిగులుతుంది. కత్తి దూస్తే ఆ మిగులు పోతుంది. పోయేది ఎంత పెద్దదైతే చెయ్యి అంత వెనక్కి తగ్గుతుంది. అంతే. ఇందులో నీతి లేదు, లెక్క ఉంది. ఆ లెక్క బందరులో చక్కగా నడిచింది. డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్లు 1611లో గ్లోబ్ అనే ఓడ మీద వచ్చారు. ఫ్రెంచివాళ్లకు 1669లో ఫర్మానా దొరికింది, అదీ మర్కారా అనే ఆర్మీనియా వర్తకుడి పూనికతో. అప్పటికే పర్షియా వర్తకులు, మన కోమట్లు అక్కడ ఉన్నారు. 1618 తర్వాత నాలుగేళ్లు అక్కడ ఉన్న విలియం మెథ్వోల్డ్ ఆ ఊరికి ప్రాకారమే లేదని రాశాడు. గోడ లేని ఊళ్లో ఇన్ని జాతులు అన్నేళ్లు సరుకు గుట్టలుగా పోసుకుని కూర్చున్నాయంటే శాంతికి అంతకంటే రుజువు ఏం కావాలి?

చరిత్రకారిణి: ఊరికి గోడ లేదు నిజమే మాస్టారూ, ఓడలకు ఫిరంగులున్నాయి. 1673లో యూరపులో డచ్చివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ యుద్ధం నడుస్తుంటే, ఆ రెండు కంపెనీల ఓడలూ ఇదే తీరానికి ఎదురుగా పోరాడాయి. ఇరుగుపొరుగు కొట్లవాళ్లే మరి. పైగా మీరు బందరు రేవు దగ్గరే ఆగిపోతున్నారు. ఇక్కడ దిగుమతైన రాగి, సుగంధ ద్రవ్యాలు చూస్తున్నారు. ఇక్కడి నుంచి పోయిన బట్ట ఎక్కడికి పోయిందో కూడా చూడాలి కదండీ.

ఆ బట్ట పోయిన దారి ఈ చర్చలో కీలకం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నేసిన నూలుబట్టలు, చిరివేరు ఎరుపుతో అద్దిన కలంకారీలు ఓడలెక్కి జావా, సుమత్రా, మొలక్కా దీవులకు వెళ్లేవి. అక్కడివాళ్లు జాజికాయ, జాపత్రి, లవంగాలకు వెండి కంటే ఈ బట్టనే ఇష్టంగా తీసుకునేవారు. అందుకే డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో కోరమాండల్ తీరాన్ని మొలక్కాలకు ఎడమచేయిగా వర్ణించాడు. ఆ చేయి లేకపోతే అక్కడ వ్యాపారం సాగదని ఆయన భావం. జాజికాయ పండే బండా దీవులవాళ్లు తమ పంటను ఇంగ్లీషువాళ్లకూ, ఆసియా వర్తకులకూ కూడా అమ్ముతుంటే డచ్చి కంపెనీ సహించలేదు. 1621లో గవర్నర్ జనరల్ కోయెన్ సేనలతో దిగాడు. సుమారు 15,000 మంది దీవివాసుల్లో అత్యధికులు చచ్చిపోయారు, బానిసలయ్యారు, లేదా పారిపోయారు. యుద్ధం లేకుండా వర్తకం నిలవదనీ, వర్తకం లేకుండా యుద్ధం సాగదనీ అంతకు ఏడేళ్ల ముందే తన యజమానులకు రాసినవాడు ఈ కోయెనే.

అర్థశాస్త్రి: బండాలో జరిగింది ఘోరం. కాదనేది లేదు. కానీ దాన్ని వర్తకం ఖాతాలో రాయకండి, గుత్తాధిపత్యం ఖాతాలో రాయండి. బండా వాళ్లు స్వేచ్ఛగా అమ్ముకుంటున్నంత కాలం వర్తకం ఉంది. దాన్ని ఆపడానికే యుద్ధం వచ్చింది. ఇది మా పక్షానికి సాక్ష్యమేగాని మీకు కాదు.

చరిత్రకారిణి: బాగుందండీ. మంచి జరిగితే వర్తకం, చెడు జరిగితే గుత్తాధిపత్యం! అలాగైతే ఎప్పటికీ ఓడిపోని వాదం మీది. ఆ కాలంలో దూరదేశపు వర్తకం చేసినవాడెవడైనా తుపాకీ లేకుండా చేశాడా చెప్పండి.

అర్థశాస్త్రి: చేశాడమ్మా. మన తీరం మీదే చేశాడు. మోటుపల్లి శాసనం మీరే కదా పాఠం చెప్పేది?

మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనం సముద్ర వర్తకుల కోసమే. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకంతా పూర్వరాజులు జప్తు చేసుకునేవారనీ, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ ముట్టబోమనీ అందులో ఉంది. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించారు. రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అక్కడే మళ్లీ అలాంటి హామీ ఇచ్చాడు. ఈ రెండు శాసనాలనూ రాజుల ఔదార్యానికి నిదర్శనాలుగా పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. వాటిని రక్షణ ధర ప్రకటనలుగా చదివితే ఇంకా ఎక్కువ బోధపడుతుంది. వెనిస్ చరిత్రను పరిశోధించిన ఫ్రెడరిక్ లేన్ 20వ శతాబ్దం మధ్యలో చెప్పింది ఇదే: దూరపు వర్తకుడికి సరుకు ఖరీదు, ఓడ కిరాయి తర్వాత మూడో ఖర్చు ఒకటుంది. దోపిడీ నుంచి కాపాడుకునే ఖర్చు అది. దాన్ని రాజుకు సుంకంగా కట్టవచ్చు, సముద్రం మీద పెత్తనం చేసేవాడికి అనుమతి పత్రం రుసుముగా కట్టవచ్చు, తన జీతగాళ్లయిన సిపాయిలకూ ఇవ్వవచ్చు. ఎవరికి ఆ ఖర్చు తక్కువ పడితే వాళ్లకు లాభం ఎక్కువ. డచ్చి, ఇంగ్లీషు కంపెనీల కొత్తదనం ఆ మూడో దారిలోనే ఉందని డేనిష్ చరిత్రకారుడు నీల్స్ స్టీన్స్‌గార్డ్ వాదించాడు. అవి రక్షణను బయట కొనుక్కోకుండా తమ లెక్కల పుస్తకంలోనే చేర్చుకున్నాయి.

అర్థశాస్త్రి: కనుక మోటుపల్లి పద్ధతిలో ఆయుధం రాజు దగ్గర, సరుకు వర్తకుడి దగ్గర. రాజుకు సుంకం కావాలి కాబట్టి వర్తకుణ్ణి బతకనిస్తాడు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకిచ్చిన బంగారు ఫర్మానా కూడా ఈ బేరమే. ఏడాదికి 500 వరహాలు కట్టండి, నా రేవులన్నిటా వ్యాపారం చేసుకోండి అన్నాడు. అంతకు నాలుగేళ్ల ముందు ఏం జరిగింది? బందరు అధికారుల పీడన పడలేక ఇంగ్లీషువాళ్లు ఊరు వదిలి దక్షిణాన దుర్గరాజపట్నం చేరారు. సుంకం పోయింది, వాళ్లకు బట్ట పోయింది. 1630లో తిరిగొచ్చారు. తర్వాత ఫర్మానా వచ్చింది. కోటలు పగలగొట్టకుండా, వర్తకం ఆపుతామన్న బెదిరింపుతోనే తగాదా తీరింది. పోలచెక్ చెప్పిన లెక్క అంటే ఇదే.

చరిత్రకారిణి: దుర్గరాజపట్నంలో వాళ్లు మొదట చేసిన పని ఫిరంగులు పెట్టుకోవడం, అది మాత్రం వదిలేశారు మీరు. ఆ అలవాటే 1639లో చెన్నపట్నం కోటగా ముదిరింది. సరే, యూరపువాళ్ల సంగతి అటుంచండి. ఆయుధం రాజు దగ్గర, సరుకు వర్తకుడి దగ్గర అన్నారు. మీర్ జుమ్లాను ఏ గడిలో పెడతారు?

మీర్ జుమ్లా ఆ ప్రశ్నకు తగినవాడే. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో పుట్టిన మొహమ్మద్ సయీద్ వజ్రాల వర్తకుడి దగ్గర పనిచేస్తూ గోల్కొండ చేరాడు. బందరు హవల్దారుగా చేశాడు, సొంత ఓడలు నడిపాడు, వజ్రాల గనులు గుత్తకు తీసుకున్నాడు, చివరకు సుల్తాను కొలువులో మీర్ జుమ్లా అనే పదవికి చేరాడు. 1640లలో, 50లలో కర్ణాటక ప్రాంతం మీద దండెత్తి గండికోట దాకా గెలిచాడు. ఆ సైన్యంలో పెద్ద భాగం అతని సొంత ఖర్చుతో నిలిచింది. 1652లో ఫ్రెంచి వజ్ర వర్తకుడు టావెర్నియే అతన్ని గండికోటలోనే కలిశాడు. గెలిచిన భూమి సుల్తానుదా, తనదా అన్న పేచీ ముదిరి అతను మొగలుల వైపు తిరిగాడు. ఆ వంకతోనే 1656లో ఔరంగజేబు హైదరాబాదు మీద పడ్డాడు. ఓడల లాభం సైన్యమై, సైన్యం గెలిచిన నేల మళ్లీ సరుకై, ఆ నేల గురించి రెండు రాజ్యాల యుద్ధం! ఈ గొలుసులో వర్తకాన్నీ యుద్ధాన్నీ విడదీసి ఒకదానికి మరొకటి కారణమని చెప్పడం కష్టం. అర్థశాస్త్రి కూడా ఇక్కడ కొంత తగ్గుతాడు, పూర్తిగా కాదు.

అర్థశాస్త్రి: మీర్ జుమ్లా లాంటివాళ్లు అరుదు. ఒక మనిషితో సూత్రం చెడదు. పెద్ద చిత్రం చూడండి. కంపెనీలకూ గోల్కొండకూ మధ్య 80 ఏళ్లు పెద్ద యుద్ధం లేదు.

చరిత్రకారిణి: మధ్యలో ఫ్రెంచివాళ్లు 1672లో గోల్కొండ చేతిలోని శాంథోమ్‌ను పట్టుకుని రెండేళ్లు కూర్చున్నారు, గుర్తుచేయమంటారా? తర్వాత ఆ 80 ఏళ్లు ఎలా ముగిశాయో కూడా చెప్పండి మాస్టారూ. 1686లో డచ్చివాళ్లు బందరు పట్టణాన్నే ఆక్రమించి తమ చేతిలో పెట్టుకున్నారు. ఆ ఊరితో అందరికంటే ఎక్కువ కాలంగా వర్తకం చేసినవాళ్లు వాళ్లే. మీ సూత్రం ప్రకారం చెయ్యి వెనక్కి తగ్గాల్సింది వాళ్లది. తగ్గలేదెందుకు? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రకారులు కాదు, మీవాళ్లే చెప్పారు.

ఆమె చెప్పేది ఫిలిప్ మార్టిన్, తియెరీ మాయెర్, మతియాస్ థోనిగ్ అనే ముగ్గురు ఫ్రెంచి అర్థశాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధన గురించి. 1950 నుంచి 2000 వరకు గల యుద్ధాలను, వర్తకాన్ని కలిపి చూసి వాళ్లు పాత ప్రశ్నను రెండుగా చీల్చారు. రెండు దేశాలు ఒకదానితో ఒకటి ఎక్కువగా వర్తకం చేసుకుంటే వాటి మధ్య యుద్ధం వచ్చే అవకాశం తగ్గుతుంది. అవే దేశాలు మిగతా ప్రపంచంతో ఎక్కువగా వర్తకం చేస్తుంటే మాత్రం ఆ అవకాశం పెరుగుతుంది. ఎందుకంటే ఈ పొరుగువాడితో చెడినా సరుకు మరోచోట దొరుకుతుంది, మరోచోట అమ్ముడుపోతుంది. పొరుగువాడి విలువ పడిపోతుంది. పోలచెక్‌నూ బార్బియరీనీ ఒకే గదిలో కూర్చోబెట్టే మార్గం ఇదేనని చెప్పవచ్చు. వర్తకం ఎంత అన్నది మాత్రమే చూస్తే చాలదు, ప్రత్యామ్నాయం ఎవరికి ఉంది అన్నది చూడాలి.

చరిత్రకారిణి: 1605లో డచ్చివాళ్లకు ఈ తీరాన బందరు తప్ప గతి లేదు. 1686 నాటికి పులికాట్‌లో కోట ఉంది, 1658లో పోర్చుగీసువాళ్ల నుంచి లాక్కున్న నాగపట్నం ఉంది, బెంగాలులో పట్టు, నూలు ఉన్నాయి. గోల్కొండతో చెడినా మునిగేదేమీ లేదు. నాలుగేళ్లకు తమ తీర రాజధానినే నాగపట్నానికి మార్చుకున్నారు. చెన్నపట్నం ఉన్న ఇంగ్లీషువాళ్ల లెక్కా అంతే.

అర్థశాస్త్రి: మంచి జవాబే. అయినా ఒక్క మాట. 1686లో గోల్కొండ నెత్తి మీద మొగల్ సైన్యం ఉంది. దాని మంత్రులు అక్కన్న, మాదన్న అప్పటికే హత్యకు గురయ్యారు. మర్నాడు ఏ రాజు ఉంటాడో తెలియని చోట రేపటి లాభానికి విలువ ఏముంటుంది? రేపటి మీద నమ్మకం ఉంటేనే వర్తకం శాంతినిస్తుంది, అది పోతే అదే వర్తకం యుద్ధానికి పురికొల్పుతుంది అని డేల్ కోప్లాండ్ 2015 పుస్తకంలో అన్నది దీని గురించే. డచ్చివాళ్ల ఎత్తుగడకు కారణం పులికాట్ కోట మాత్రమే కాదు, రేపు లేని గోల్కొండ కూడా.

1687 సెప్టెంబరులో గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. మొగల్ ఏలుబడిలో బందరు చావలేదు గాని మునుపటి ప్రాభవం తిరిగి రాలేదు. గోల్కొండ దర్బారుతో పెనవేసుకుని బతికిన పర్షియా వర్తకులకు కొమ్మ విరిగినట్టయింది. 1722లో ఇస్ఫహాన్ అఫ్ఘన్ల పాలై సఫవీ రాజ్యం కూలితే పర్షియాకు పోయే కలంకారీకి దెబ్బ తగిలింది. ఆ యుద్ధంతో బందరు అద్దకంవాళ్లకు ఏ సంబంధమూ లేదు. 1870 నుంచి 1997 దాకా లెక్కలు తీసిన రూవెన్ గ్లిక్, అలన్ టేలర్‌ల పరిశోధన ఇలాంటి నష్టాలనే కొలిచింది. పోరాడే దేశాల మధ్య వర్తకం కుప్పకూలడమే కాక తటస్థ దేశాలూ నష్టపోతాయి. యుద్ధం ఆగాక కూడా ఏళ్ల తరబడి ఆ గాయం మానదు. ఈ విషయంలో మాత్రం వక్తలిద్దరికీ పేచీ లేదు. యుద్ధం వర్తకాన్ని చెరుపుతుందన్నది దాదాపు అందరూ ఒప్పుకున్నది. పేచీ అంతా రెండో దిశ గురించే.

ఆ పేచీ పదునెక్కేది 1750 తర్వాత. నిజాం వారసత్వ తగాదాలో పక్షం పట్టిన ఫ్రెంచి కంపెనీ ఆ ఏడాది బందరును చేజిక్కించుకుంది. దివిసీమ కూడా దాని వాటాకు వచ్చింది. 1753లో నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం జీతాల కోసం కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారులను రాసిచ్చాడు. దివిసీమ మీద ఇంగ్లీషువాళ్లకూ కన్ను ఉంది. బందరు రేవు లోతు లేనిది, పెద్ద ఓడలు తీరానికి మైళ్ల దూరంలోనే లంగరు వేయాలి. కృష్ణ ముఖద్వారం దగ్గరున్న దివికి ఆ లెక్కలో విలువ వచ్చింది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే స్థానంలో వచ్చిన గోడెహూ ఇంగ్లీషువాళ్లతో కుదుర్చుకున్న తాత్కాలిక ఒప్పందంలో దీని పంపకం ఇలా ఉంది: ఒకరు మచిలీపట్నం తీసుకుంటే మరొకరు దివి తీసుకోవాలి, ఏది కావాలో ఇంగ్లీషువాళ్లు కోరుకోవచ్చు. నాగాయలంక, కోడూరు రైతుల ఊళ్లు ఎవరి పాలు కావాలో సరుకు బేరంలా రెండు కంపెనీల గుమాస్తాలు తేల్చుకోబోయారన్నమాట. సప్తవర్ష సంగ్రామం వచ్చిపడి ఆ కాగితం చిత్తయింది.

అర్థశాస్త్రి: ఇదిగో, ఇక్కడ నా మాట వినాలి మీరు. డూప్లేను 1754లో వెనక్కి పిలిపించింది ఎవరు? పారిస్‌లో ఉన్న వాటాదార్లు, మంత్రులు. యుద్ధాల ఖర్చు భరించలేక. గోడెహూను పంపింది శాంతి కోసం. వర్తకుల మనసు ఎటు ఉందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. యుద్ధం తెచ్చింది యూరపు రాజుల తగాదా.

చరిత్రకారిణి: పారిస్‌లో లాభం పంచుకునేవాడి మనసు, బందరులో జీతాలివ్వాల్సినవాడి మనసు ఒకటి కావండీ. బుస్సీకి సిపాయిలున్నారు. సిపాయికి నెల నెలా జీతం కావాలి. బట్టల లాభంతో సైన్యం పోషించలేరు, భూమిశిస్తు కావాలి. శిస్తు కోసం సర్కారులు కావాలి. సర్కారులు నిలుపుకోవడానికి మళ్లీ సిపాయిలు. కంపెనీ ఒకటే, దానిలో వర్తకుడు ఒకడు, జాగీర్దారు ఒకడు. రెండోవాడు మొదటివాణ్ణి మింగేశాడు. 1759 ముట్టడి చూడండి, ఎంత సేపూ జీతాల గొడవే.

ఆ ముట్టడి కథ ఆమె మాటకు బలమిస్తుంది. విజయనగరం రాజు ఆనంద గజపతి ఆహ్వానం మీద ఇంగ్లీషు కంపెనీ తరఫున క్లైవ్ 1758లో కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డ్‌ను సుమారు 500 మంది తెల్లసిపాయిలు, 2,000 మంది నల్లసిపాయిలతో పంపాడు. ఫోర్డ్ డిసెంబరులో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించి, మార్చి నాటికి బందరు చేరాడు. కోట పట్టణానికి కొంత దూరంలో ఉప్పు బురద నేలల మధ్య ఉంది. గజపతి ఇస్తానన్న డబ్బు సకాలంలో రాలేదు. జీతాలందక సైనికులు తిరగబడ్డారు. కోటలో దొరికే సొత్తు పంచుతానని మాటిచ్చి ఫోర్డ్ వాళ్లను శాంతింపజేశాడు. సలాబత్ జంగ్ సైన్యం దగ్గరకు వస్తోంది, మందుగుండు అయిపోవస్తోంది. ఏప్రిల్ 7 రాత్రి బురదను దాటి కోట మీద పడ్డారు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్ల సంఖ్య పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ. నెల దాటిందో లేదో, గాలి ఎటు వీస్తోందో చూసిన సలాబత్ జంగ్ మే 14న మచిలీపట్నం, నిజాంపట్నం సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు చాలావరకు వాళ్ల చేతికి వచ్చాయి.

చరిత్రకారిణి: ఇక ఆ తర్వాత నేతగాడి సంగతి. కంపెనీలు మూడు నాలుగు ఉన్నప్పుడు నేతగాడు ఒకరి బయానా తిరగ్గొట్టి ఇంకొకరికి అమ్ముకోగలిగేవాడు. 1766 తర్వాత కొనేవాడే పాలకుడు, పాలకుడే కొనేవాడు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల మీద పి. స్వర్ణలత రాసిన పుస్తకం ఈ బిగింపును వివరంగా చూపిస్తుంది. మీరు అడగొచ్చు, ఫిరంగుల మోత ఆగింది కదా అని. ఆగింది. మీ పట్టికలో దాన్ని శాంతి కింద రాస్తారు.

అర్థశాస్త్రి: మా పట్టికలో అసలు రాయరమ్మా, అదే వచ్చిన చిక్కు.

ఆయన చెప్పిన చిక్కు నిజమైనది. యుద్ధాల మీద అంకెలతో పనిచేసే పరిశోధకులు ఎక్కువగా వాడే సమాచార సంచయాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సింగర్ 1963లో మొదలుపెట్టాడు. అందులో లెక్క 1816 నుంచి ఆరంభమవుతుంది. యుద్ధం అనిపించుకోవాలంటే పోరాటంలో కనీసం 1,000 మంది సైనికులు చనిపోవాలి. రాజ్యాల మధ్య యుద్ధం కింద చేరాలంటే రెండు వైపులా గుర్తింపు పొందిన రాజ్యాలుండాలి. బందరు ముట్టడి మొదటి నిబంధన దగ్గరే ఆగిపోతుంది. కాలం సంగతి పక్కన పెట్టినా, అక్కడ పోరాడినవి రెండు జాయింట్ స్టాక్ కంపెనీలు. బండాలో ఒక పక్క కంపెనీ, మరో పక్క ఊరిపెద్దలు. తుపాకీ పట్టుకున్న వర్తకుడు ప్రపంచాన్ని తిరగరాసిన రెండు శతాబ్దాలు ఆ పట్టిక పుట్టకముందే గడిచిపోయాయి. వర్తకం శాంతినిస్తుందన్న తీర్పులు చాలావరకు, వర్తకుడి చేతిలోంచి తుపాకీ తీసి రాజ్యానికి అప్పగించాక వచ్చిన కాలం నుంచి తీసినవి. ఆ కాలానికి అవి చెల్లవచ్చు. అన్ని కాలాలకూ చెల్లుతాయనడానికి బందరు ఒప్పుకోదు.

అర్థశాస్త్రి: ఆ మాటకు నేనూ ఒప్పుకుంటాను. అయితే మీరూ ఒకటి ఒప్పుకోవాలి. తుపాకీ వర్తకుడి చేతిలో లేని కాలంలోనైనా మా లెక్క పనిచేస్తుంది.

చరిత్రకారిణి: పనిచేస్తే చేయవచ్చు. దివిసీమ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి చెప్పండి చూద్దాం.

వనామి రొయ్య 2009 నుంచి మన చెరువుల్లోకి వచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపూ, గుడివాడ దాటి కైకలూరు వైపూ వరిచేలు చెరువులయ్యాయి. భారతదేశపు రొయ్యకు అమెరికా అన్నిటికంటే పెద్ద గిరాకీ, ఆ రొయ్యను పెంచడంలో ఆంధ్రప్రదేశ్ అన్ని రాష్ట్రాలకంటే ముందు. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో హూతీల దాడులతో ఓడలు ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి పోవాల్సివచ్చి కిరాయిలు పెరిగాయి. 2025 ఆగస్టులో అమెరికా మొదట 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. యుద్ధం యుక్రెయిన్‌లో. చమురు శుద్ధయ్యేది ఎక్కువగా గుజరాత్‌లో. కౌంటు ధర పడిపోయి మేత బాకీ తీర్చలేనివాడు కోడూరులో.

అర్థశాస్త్రి: కానీ గమనించండి, ఇక్కడ సుంకం వచ్చింది ఫిరంగి బదులు. 1759లో అయితే ఓడలు వచ్చేవి. వర్తకం ఉంది కాబట్టే వర్తకంతో కొట్టుకుంటున్నారు.

చరిత్రకారిణి: ఎవరు ఎవరిని కొట్టగలిగారన్నది కూడా గమనించండి. అమెరికా కొనుగోలుదారుడికి ఈక్వెడార్ ఉంది. 2025 ఆగస్టులో దానికి వేసిన సుంకం 15 శాతమే. వియత్నాం, ఇండోనేషియా ఉన్నాయి. మన రైతుకు రెండో గిరాకీ ఒక్క పంటలో దొరకదు, 90 రోజుల్లో, 100 రోజుల్లో చెరువు పట్టేయాల్సిందే. మీ ముగ్గురు ఫ్రెంచి పండితులు చెప్పింది ఇదే కదా, ప్రత్యామ్నాయం ఉన్నవాడికి తెగువ ఎక్కువ. నాడు పులికాట్, నాగపట్నం ఉన్నవాడు బందరును పట్టుకున్నాడు. నేడు ఈక్వెడార్ ఉన్నవాడు సుంకం వేశాడు.

అర్థశాస్త్రి: అయితే మందు కూడా అదే లెక్కలో ఉంది. మనకూ నలుగురు కొనేవాళ్లు ఉండాలి. గోల్కొండ తన రేవులో డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి, పర్షియా వాళ్లను ఒకరి మీద ఒకరిని నిలబెట్టి నెట్టుకొచ్చిందీ అందుకే. 2023 మేలో బందరులో పోర్టు పనులు మొదలయ్యాయి. రేవు దగ్గరైతే ఒక్క కొనుగోలుదారుడి మీద ఆధారపడే అగత్యం తగ్గుతుంది.

చరిత్రకారిణి: తగ్గితే సంతోషమే మాస్టారూ. కానీ నలుగురు కొనేవాళ్లున్నంత మాత్రాన మనకు వచ్చే తెగువ శాంతి వైపే పోతుందని మీ ముగ్గురు పండితులు చెప్పలేదు, రెండో వైపు పోతుందనే చెప్పారు.

అర్థశాస్త్రి: దేశానికి అది నిజం కావచ్చు. చెరువు రైతుకు యుద్ధం చేసే శక్తి ఎక్కడిదమ్మా? వాడికి ధర కావాలి. దేశాన్నీ రైతునూ ఒకే గడిలో కూర్చోబెట్టి లెక్క వేయడం ఇంతకుముందు మీరే తప్పన్నారు.

చరిత్రకారిణి: అన్నాను. బుస్సీనీ పారిస్ వాటాదారునూ ఒకే గడిలో పెట్టకూడదనే అన్నాను. ఆ పట్టికను దేశాల జంటలుగా కాక, లాభం పొందేవాడు, జీతం ఇచ్చేవాడు, సుంకం కట్టేవాడు అని విడగొట్టి ఎవరైనా తిరగరాస్తే పోలచెక్ 20 శాతంలో ఎంత మిగులుతుందో అప్పుడు మాట్లాడదాం.